లాంచీలో చలికాలం: విశాఖ నుంచి కాకినాడకు, తిరిగి ఇంటికి

అక్టోబరు 20

లాంచీ పని ఇవాళ మొదలైంది. 28 అడుగుల ఫైబర్ లాంచీ, ఒకప్పుడు సర్వే పనికి తిరిగింది. కొన్నేళ్లు షెడ్డులో మూలన పడి ఉంటే వేలంలో కొన్నాను. 40 హార్స్‌పవర్ డీజిల్ ఇంజిను, ముందు చిన్న చుక్కాని గది, దాని కింద ఇద్దరు పడుకునేంత చోటు. నీళ్లలో రెండున్నర అడుగులు మునుగుతుంది. ఇంజిను ఊడదీసి చూశాను, గుండెకాయ బాగానే ఉంది. మిగతాదంతా చేసుకోవాలి.

అనుకున్నది ఇదీ: చలికాలంలో విశాఖ నుంచి కాకినాడ వెళ్లి, నెలా నెలన్నర అక్కడే లాంచీలో కాపురం ఉండి తిరిగి రావాలి. నేనూ, మా ఆవిడా. ముప్పై ఏళ్లు వర్క్‌షాపులో ఇంకొకళ్ల ఇంజిన్లు బాగుచేశాను. ఇక సొంత ఇంజిను వెనకాల కూర్చుని తీరం చూడాలని ఉంది.

ఇప్పుడే ఎందుకు వెళ్లకూడదని మా అబ్బాయి అడిగాడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఎలా వచ్చిందో వాడికీ గుర్తే. ఆ మర్నాడు ఫిషింగ్ హార్బరుకి వెళ్లి చూస్తే పడవలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతాన్ని నమ్మి ఇల్లు కట్టకూడదు. డిసెంబరు వచ్చిందని కూడా ఊరుకోకూడదు, మిచౌంగ్ 2023లో డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. కాబట్టి ఈ రెండు నెలలూ పనికి, డిసెంబరు చివరి వారం ప్రయాణానికి.

నవంబరు 4

ఇవాళ పానా పట్టుకోలేదు. మ్యాపు, స్కేలు, కాగితం ముందేసుకుని కూర్చున్నాను.

విశాఖ హార్బరు నుంచి కాకినాడ దాకా నీళ్లమీద సుమారు 78 నాటికల్ మైళ్లు. మా లాంచీ హాయిగా పోయే వేగం 6 నాట్లు, అంటే గంటకు 11 కిలోమీటర్లు. అంతకుమించి తొక్కితే డీజిల్ రెట్టింపు తాగుతుంది గానీ వేగం పెద్దగా పెరగదు. నీటిని తోసుకుంటూ పోయే పడవ కదా, దాని పొడవే దాని వేగానికి హద్దు కడుతుంది. లెక్కకి 13 గంటలు. డిసెంబరు చివర్లో మనకు పగలు 11 గంటలే. పొద్దున ఆరున్నరకి సూర్యుడు వస్తాడు, సాయంత్రం ఐదున్నరకల్లా వెళ్లిపోతాడు.

అసలు చిక్కు ఈ రెండు గంటల దగ్గరే ఉంది. మధ్యలో ఎక్కడైనా ఆగుదామంటే మన తీరంలో దాక్కునే చోట్లు తక్కువ. పూడిమడక, రాంబిల్లి, పెంటకోట ఊళ్లున్నాయి గానీ అవి పడవలను ఇసుకలోకి లాగే ఊళ్లు. నది మొగలు ఇసుక మేటలు వేసి ఏటేటా జాగా మారుస్తుంటాయి. మొన్న దారి ఉన్నచోట ఇవాళ మోకాల్లోతు నీళ్లు, దాని మీద విరిగే కెరటాలు.

మా పెదజాలరిపేట మామయ్య దగ్గరికి వెళ్లాను. నలభై ఏళ్లు సరంగుగా బోటు నడిపిన మనిషి. నా కాగితం చూడనైనా లేదు. "అల్లుడూ, సీకట్లో ఎల్లొచ్చు. సీకట్లో సేరకూడదు. నీకు తెలిసిన రేవులోంచి ఏ యేళకైనా ఎల్లు, తెలీని రేవుకి మాత్రం పొద్దుండగా ఎల్లు," అన్నాడు. అంతే, లెక్క తేలిపోయింది. రాత్రి 2 గంటలకు విశాఖ వదిలితే మధ్యాహ్నం మూడుకల్లా కాకినాడ. ఏదన్నా ఆలస్యమైనా చేతిలో రెండున్నర గంటల వెలుతురు ఉంటుంది.

ఇంకో మాట కూడా చెప్పాడు. చలికాలం మొదట్లో తీరం వెంబడి నీరు దక్షిణానికి లాగుతుంది, గాలి కూడా ఈశాన్యం నుంచే. ఫిబ్రవరి వచ్చేసరికి నీరు ఉత్తరానికి తిరుగుతుంది, గాలి నైరుతికి మళ్లడం మొదలెడుతుంది. వెళ్లేప్పుడూ వెనక గాలే, వచ్చేప్పుడూ వెనక గాలే. తెరచాప రోజుల నుంచీ పెద్దవాళ్లు ఈ తీరంలో అలాగే తిరిగారట. నాకున్న 40 హార్స్‌పవర్ కంటే ఈ మాట విలువ ఎక్కువ.

నవంబరు 16

కరెంటు పని పూర్తి. ఫ్రిజ్, దీపాలు, ఫ్యాను, వీహెచ్‌ఎఫ్ రేడియో, జీపీఎస్ అన్నీ కలిపి రోజుకు 70 ఆంపియర్ అవర్ల దాకా. చుక్కాని గది కప్పు మీద 165 వాట్ల సోలార్ పలకలు రెండు పెట్టాను. చలికాలపు ఎండకి 80 దాకా వస్తోంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, 100 ఆంపియర్ అవర్లది. ఒక జాగ్రత్త: ఇంజిను ఆల్టర్నేటర్ నుంచి ఈ బ్యాటరీకి నేరుగా వైరు లాగకూడదు. అది ఎంత ఇస్తే అంత మింగుతుంది, ఆల్టర్నేటర్ వేడెక్కి మాడిపోతుంది. మధ్యలో కరెంటును హద్దులో ఉంచే డీసీ టు డీసీ చార్జర్ పెట్టాను.

గ్యాసు మా ఇద్దరికీ పెద్ద చర్చ అయింది. మా ఆవిడ స్టవ్వు లోపలే ఉండాలంది, నేను ఒప్పుకున్నాను. సిలిండరు మాత్రం బయట, వెనక డెక్కు మీద, అడుగున కన్నం ఉన్న పెట్టెలో. వంటగ్యాసు గాలికంటే బరువు. ఇంట్లో లీకైతే కిటికీ, తలుపు తీస్తే పోతుంది. పడవలో లీకైతే కిందికి దిగి అడుగున, ఇంజిను పక్కన చేరి కూర్చుంటుంది. తర్వాత ఒక్క స్విచ్ నిప్పురవ్వ చాలు. వంట అవ్వగానే వాల్వు కట్టేసే పని ఆవిడది, కట్టిందో లేదో చూసే పని నాది.

నవంబరు 28

పది రోజులుగా హార్బరులోనే లాంచీలో పడుకుంటున్నాం. ఈ పది రోజుల్లో నేర్చుకున్నది పుస్తకాల్లో ఎక్కడా కనబడలేదు, అందుకే వివరంగా రాస్తున్నాను.

చలిదేశాల్లో పడవ కాపురం చేసేవాళ్లకి చలే శత్రువు, డీజిల్ హీటర్లు పెట్టుకుంటారు. మనకు విశాఖలో రాత్రి 18, 20 డిగ్రీలకు మించి దిగదు, దుప్పటి చాలు. మన శత్రువు తేమ. రెండో రోజు తెల్లవారుజామున నుదుటిమీద చల్లటి చుక్క పడి మెలకువ వచ్చింది. టార్చి వేసి చూస్తే కప్పు లోపలివైపంతా చిన్న చిన్న బొట్లు, ముత్యాలు అతికించినట్టు. పక్క గోడలు మాత్రం పొడిగా ఉన్నాయి. కాసేపు అర్థం కాలేదు. చెయ్యి పెట్టి చూస్తే తెలిసింది: నీళ్లను ఆనుకున్న పక్క గోడ వెచ్చగా ఉంది, కప్పు మంచులా ఉంది. చలికాలంలో కూడా మన సముద్రపు నీళ్లు వెచ్చగానే ఉంటాయి. కప్పు మాత్రం రాత్రంతా ఆకాశానికి ఎదురుగా ఉండి చల్లారిపోతుంది. మేం వదిలిన ఊపిరే దానికి తగిలి నీరై మా మీదే పడుతోంది.

కప్పు లోపల అర అంగుళం ఫోమ్ షీటు అతికించి, దానిమీద పలచటి ప్లైవుడ్ బిగించాను. ముందు ఒకటి, వెనక ఒకటి గాలి కన్నాలు పెట్టాను, రాత్రి కూడా మూయకూడదు. పరుపు కింద చెక్క పలకలు ఎడంగా కొట్టి, వాటిమీద కొబ్బరి పీచు చాప పరిచాను. అంతకుముందు పరుపు ఎత్తితే అడుగున తడిచెయ్యి రాసినట్టు ఉండేది. ఇప్పుడు పొడిగా ఉంది. టాయిలెట్‌కీ కొబ్బరి పొట్టే వాడుతున్నాం. డబ్బాలో పొట్టు వేసి, మూత్రం వేరుగా పోయేలా చేశాను. వాసన లేదు, హార్బరు నీళ్లలోకి ఏమీ వదలక్కర్లేదు.

ఎలుకలు తాళ్లమీంచి వస్తాయి. ప్లాస్టిక్ బకెట్ మూతలకు మధ్యలో కన్నం చేసి తాడుకు ఎక్కించాను, అప్పట్నుంచీ ఒక్కటీ రాలేదు.

డిసెంబరు 9

అల్పపీడనం వాయుగుండంగా మారిందన్నారు, హార్బరులో హెచ్చరిక ఎగరేశారు. తాళ్లు రెట్టింపు చేసి ఇంటికెళ్లి పడుకున్నాం. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్లు ఇచ్చే అలల ఎత్తు, గాలి అంచనాలు రోజూ ఒక నోటుబుక్కులో రాసుకుంటున్నాను. పక్క గడిలో హార్బరు గోడ మీద నిలబడి నేను చూసింది రాస్తున్నాను. వారం పోయేసరికి వాళ్ల అంకె చూడగానే సముద్రం కళ్లముందు కనబడుతోంది.

డిసెంబరు 21

భీమిలి దాకా వెళ్లి వచ్చాం, వెళ్లడం 16 మైళ్లు. రుషికొండ, తొట్లకొండ ఎడమపక్కగా జరుగుతుంటే మా ఆవిడ రెండు గంటలు చుక్కాని పట్టింది. ఇంజిను గంటకు 4 లీటర్లు తాగింది. ట్యాంకు 200 లీటర్లు. మూడోవంతు వెళ్లడానికి, మూడోవంతు రావడానికి, మూడోవంతు ముట్టుకోకూడనిది. లెక్క సరిపోయింది. ప్రొపెల్లరు ఇరుసు బయటికి వెళ్లే చోట, గ్లాండు దగ్గర నిమిషానికి రెండు మూడు చుక్కలు కారుతున్నాయి, అలా కారాల్సిందే. సముద్రం నూనె పోసినట్టు ఉంది.

డిసెంబరు 27, కాకినాడ

వచ్చేశాం. చేతులకు డీజిల్ వాసన ఇంకా పోలేదు.

మెరైన్ పోలీసులకు ఇద్దరి పేర్లు, దారి, చేరే వేళ రాసిచ్చి రాత్రి 2:10కి తాళ్లు విప్పాం. యారాడ కొండ నీడలోంచి బయటికి రాగానే వెనకనుంచి గాలి తగిలింది. దూరంగా లంగరు వేసిన ఓడల దీపాలు ఒక చిన్న ఊరిలా ఉన్నాయి. గంగవరం పోర్టు దాటాక అంతా చీకటి, చుక్కలు. వెనక నుంచి వచ్చే అల లాంచీని ఎత్తి, ముందుకు తోసి, కిందనుంచి జారిపోతోంది. 6.6 నాట్లు చూపించింది జీపీఎస్. నీరు మనవైపే లాగుతోందని తెలిసిపోయింది.

పూడిమడక దాటుతుండగా, 5:10కి, ఇంజిను గొంతు మారింది.

ఆగలేదు. 1800 తిరిగేది 1400కి పడింది, మళ్లీ లేచింది, మళ్లీ పడింది. ముప్పై ఏళ్లు విన్న చప్పుడే అది, డీజిల్ అందడం లేదు. మా ఆవిడకి చుక్కాని ఇచ్చి కింద మూత ఎత్తాను. నీటిని వేరుచేసే ఫిల్టరు గాజు గిన్నె మీద టార్చి వేశాను. ఎప్పుడూ తేనెలా ఉండే డీజిలు అడుగున నల్లగా, చింతపండు పిసికిన నీళ్లలా ఉంది. అందులో సన్నటి పొరలు కదులుతున్నాయి. నేను చూస్తుండగానే ఇంజిను ఆగిపోయింది.

ఇంజిను ఆగితే చుక్కాని పని చెయ్యదు. లాంచీ మెల్లగా అలలకి అడ్డం తిరిగి పక్కలకి ఊగడం మొదలైంది. స్టవ్వు పక్కన గిన్నెలన్నీ కింద పడ్డాయి. నాకు టెన్షన్ తన్నుకొచ్చింది. మా ఆవిడ గొంతు మాత్రం మామూలుగానే ఉంది: "ఏవండీ, ఒడ్డు ఎటుందో నేను చూస్తుంటాను, మీరు మీ పని చూసుకోండి." గాలి తీరం వెంబడే వీస్తోంది, ఒడ్డువైపు కాదు. కింద 30 మీటర్ల లోతు. కొట్టుకుపోయినా గంటకో మైలు దక్షిణానికే, అంటే కాకినాడవైపే. కాబట్టి టైముంది. రేడియో ఆపద పిలుపుల 16వ చానల్ మీదే ఉంది. కోస్ట్‌గార్డు సహాయ నంబరు 1554కి ఫోను చెయ్యాల్సిన అవసరం ఇంకా రాలేదు.

ఫిల్టరు మార్చడం షెడ్డులో ఐదు నిమిషాల పని. ఊగే లాంచీలో, ఒక చేత్తో పట్టుకుని, నోట్లో టార్చితో, ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. పాతది తీసి కొత్తది పెట్టడం కష్టం కాదు. లోపల చేరిన గాలి తీయడమే కష్టం. బ్లీడు స్క్రూ వదులు చేసి చేతి పంపు కొడుతుంటే ముందు నురగ వస్తుంది, తర్వాత బుడగలు, ఆ తర్వాత ఒకే ధారగా డీజిల్. ఆ ధార వచ్చేదాకా తొందరపడి స్క్రూ బిగిస్తే మళ్లీ మొదటికే. ధార వచ్చింది. బిగించాను. తాళం తిప్పితే రెండుసార్లు దగ్గి అందుకుంది.

తూరుపు ఎర్రబడుతోంది అప్పటికి. మా ఆవిడ లాంచీ ముక్కును మళ్లీ దక్షిణానికి తిప్పింది. నా దగ్గర విడి ఫిల్టర్లు మూడే. మిగిలిన 58 మైళ్లకి రెండు ఉన్నాయి. వేగం 5 నాట్లకి తగ్గించాను, డీజిల్ తక్కువ లాగితే మురికి తక్కువ వస్తుందని. 11 గంటలకు, తుని ఎదురుగా ఉండగా, ఇంకొకటి మార్చాను. ఈసారి పూర్తిగా ఆగకముందే.

ఉప్పాడ తీరం కుడిపక్కన కనబడేసరికి మూడు దాటింది. ఎడమపక్కన హోప్ ఐలాండ్ సన్నటి గీతలా తేలింది. ఆ ఇసుక దిబ్బ చాటుకి రాగానే అలలు చచ్చిపోయాయి. 4:40కి నాలుగు మీటర్ల లోతులో లంగరు వేశాం. సూర్యుడు ఇంకా జానెడు పైన ఉన్నాడు. మామయ్య ఉంచుకోమన్న వెలుతురులో మాకు గంటకు కొంచెం తక్కువ మిగిలింది. ఆరింటికి బయల్దేరి ఉంటే ఇదే లంగరు చీకట్లో, తెలియని నీళ్లలో, ఒక్క ఫిల్టరుతో వేయాల్సి వచ్చేది.

డిసెంబరు 30

ట్యాంకు తెరిచాను. తప్పు ఎక్కడుందో చేత్తో తాకి చూశాను.

అక్టోబరులో ట్యాంకు అడుగు వాల్వు విప్పి, శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా పారబోసి, కడిగేశాననుకున్నాను. పైన ఒక మనిషి చెయ్యి పట్టేంత మూత కోసి చూడాల్సింది, చూడలేదు. లోపల అడ్డపలకలు రెండున్నాయి, డీజిల్ ఒక్కసారిగా అటూ ఇటూ కొట్టుకోకుండా. వాల్వు ముందు గదిలో ఉంది. వెనక గదుల్లో మురికి కదలకుండా కూర్చుంది. భీమిలి వెళ్లిన రోజు సముద్రం కదల్లేదు, మురికీ కదల్లేదు. పూడిమడక దగ్గర అలలు దాన్ని చిలికి పైకి తెచ్చాయి. నిశ్చలంగా ఉన్న రోజు చేసిన ట్రయలు ఇంజినుకి పరీక్ష అవుతుంది గానీ ట్యాంకుకి అవదు.

ఆ నల్లటిది వట్టి మట్టి కాదు. డీజిల్ అడుగున నీరు చేరితే, ఆ రెండూ కలిసే చోట సూక్ష్మజీవులు పెరుగుతాయి. డీజిలే వాటి తిండి. నీరు ఎక్కణ్ణుంచి వచ్చింది? మా నుదుటిమీద పడ్డ చుక్క ఎక్కణ్ణుంచి వచ్చిందో అక్కణ్ణుంచే. సగం ఖాళీ ట్యాంకులోకి గాలి గొట్టం గుండా తేమ గాలి వెళ్తుంది, రాత్రి చల్లబడి గోడలమీద చెమర్చి కిందికి జారుతుంది. ఇకనుంచి నిలిపి ఉంచినప్పుడల్లా ట్యాంకు నిండుగా ఉండాలి.

మూత కోసి, గుడ్డలతో తుడిచి, డీజిల్ అంతా రెండుసార్లు వడకట్టి పోశాను. ఫిల్టర్లు రెండు పక్కపక్కన బిగించి మధ్యలో మార్చే వాల్వు పెట్టాను. ఒకటి పూడుకుంటే పిడి తిప్పడమే, ఇంజిను ఆపక్కర్లేదు. వాటి తర్వాత ఒక వాక్యూమ్ గేజి. ఫిల్టరు పూడుకోవడం మొదలైతే ముల్లు ముందే చెబుతుంది. సామానంతా కుంభాభిషేకం రేవు దగ్గర దుకాణాల్లోనే దొరికింది.

జనవరి 16

పండగ లాంచీలోనే చేసుకున్నాం. బంధువులు అరిసెలు, జంతికలు తెచ్చారు. జంతికలు డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే తెల్లారేసరికి మెత్తబడుతున్నాయి. తేమ కొలవడానికి ఇంతకంటే మంచి మీటరు లేదు. ముందుగదిలో పెట్టినవి రెండు రోజులు కరకరలాడాయి, వెనక పెట్టినవి ఒక్క రాత్రికే పోయాయి. అది చూసి వెనక గాలి కన్నం పెద్దది చేశాను.

కాకినాడ అడుగు మెత్తటి బురద, లంగరు దిగబడితే ఇక కదలదు. 12 కిలోల లంగరు, 15 మీటర్ల గొలుసు, తర్వాత నైలాన్ తాడు. లోతు నాలుగు మీటర్లు, పోటుకి మరో మీటరున్నర, దానికి ఐదింతలు లెక్కేసి 30 మీటర్లు వదిలాను. కోరంగి వైపు చిన్న పడవలో వెళ్లొచ్చాం. మడ చెట్ల వేళ్లు నీళ్లలోంచి చేతివేళ్లలా పైకి లేచి ఉన్నాయి. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు అది, 1839 తుపానుకి తుడిచిపెట్టుకుపోయింది. మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.

ఫిబ్రవరి 4

మధ్యాహ్నం గాలి నైరుతికి తిరిగింది. రెండు రోజులే. మూడో రోజు మళ్లీ ఈశాన్యం. ఆగుతున్నాం.

ఫిబ్రవరి 11, విశాఖ

నిన్న పొద్దున 7 గంటలకు కాకినాడలో లంగరు ఎత్తాం. ఈసారి రాత్రి బయల్దేరలేదు. చేరేది మన రేవు కాబట్టి చీకటి పడ్డా పర్వాలేదు, తెలియని నీళ్లను వెలుతురులో వదలడమే మేలు.

మధ్యాహ్నం ఒంటిగంటకు పెంటకోట దాటాక నీళ్లమీద ఆకుపచ్చని బూడిద రంగు గోళం ఒకటి తేలుతూ కనబడింది. ఇంజిను తగ్గించాం. తాబేళ్ల జంట, ఆలివ్ రిడ్లేలు. ఒకదాని వీపు మీద ఇంకొకటి. పదడుగుల దూరంలో పోతున్నా మునగలేదు. మా విశాఖ బీచిలోనే గుడ్లు పెట్టడానికి ఈ నెలల్లో వస్తాయి. వాటి పక్కనుంచి తప్పుకుని అరమైలు పోయేదాకా ఇంజిను పెంచలేదు.

వాక్యూమ్ ముల్లు దారంతా పచ్చగీతలోనే ఉంది. పది నిమిషాలకోసారి చూశాను.

గంగవరం దగ్గరికి వచ్చేసరికి చీకటి. వలల చివర మిణుకుమిణుకుమనే చిన్న బ్యాటరీ దీపాలు కట్టి ఉంచుతారు, రెండు దీపాల మధ్య ఎక్కడ వల ఉందో ఎక్కడ లేదో బయటివాళ్లకి తెలియదు. ఒక పడవలో కుర్రాళ్లు టార్చి ఊపి సముద్రంవైపు చెయ్యి చూపించారు. వాళ్లు చూపించినవైపే చుట్టు తిరిగి వచ్చాం, అరగంట ఎక్కువైంది. ఒక్క తాడు ప్రొపెల్లరుకి చుట్టుకుంటే మాకూ నష్టం, వాళ్ల వలకీ నష్టం.

చుక్కాని మా ఆవిడ దగ్గరే ఉంది. నేను ముందు నిలబడి దీపాలు చూస్తున్నాను. యారాడ కొండ మీది లైట్‌హౌస్ వెలుగు మొదట ఆవిడకే కనబడింది. "అదిగో, ఇక మీరు లోపలికి వచ్చి ఫ్లాస్కులో టీ ఉంది తాగండి, దారి నాకు తెలుసు," అంది. 8:50కి ఫిషింగ్ హార్బరులో తాళ్లు వేశాం. జెట్టీ మీద మామయ్య కూర్చుని ఉన్నాడు. తాడు అందుకుని కట్టి, "డీజిల్ నింపి పెట్టు, ఖాళీగా ఉంచకు," అన్నాడు. ఆ సంగతి నేను ఆయనకి ఇంకా చెప్పనే లేదు.

ఇవాళ పొద్దున మొట్టమొదట చేసిన పని ట్యాంకు నింపడం. రెండోది పరుపు ఎత్తి కొబ్బరి చాప జెట్టీ మీద ఎండేయడం. ఏప్రిల్ 15న చేపలవేట నిషేధం మొదలైతే బోట్లన్నీ ఒకేసారి పైకి లాగుతారు, స్లిప్‌వే దొరకదు. మార్చిలోనే లాంచీని ఎత్తించి అడుగున గుల్లలు గీకి రంగు వేయాలి. తుప్పును తనమీదికి లాక్కునే జింకు దిమ్మ కూడా సగం అరిగిపోయింది, మార్చాలి.